గుమ్మం కింది దారం

కర్నలు పోయి పదకొండు రోజులైంది. అప్పటికే లియొకాదియా గోదాములో ఎలుకలు పెళ్ళిపందిళ్ళు వేసుకున్నాయి.

కర్నలంటే సైన్యంలో మనిషి అనుకునేరు. కాదు, కొండచిలువ. అమెజాన్ ఒడ్డున ఆ ఊళ్ళో కస్తాన్య గింజల వ్యాపారం చేసే ప్రతి ఇంటి అటక మీదా ఒకటి ఉంటుంది. ఎలుక కొరికిన గింజను బెలేం పట్నం షావుకారు ముట్టుకోడు మరి. ఈ కర్నలు పద్నాలుగేళ్ళ కిందట మూరెడు పిల్లగా వచ్చింది. ఇరాసీ చేతుల మీద పెరిగి బారన్నర పొడుగైంది. తలుపులు బార్లా తీసి ఉన్నా ఏనాడూ గడప దాటలేదు. చివరికి ఒక మధ్యాహ్నం పొయ్యి పక్కన వెచ్చగా చుట్ట చుట్టుకుని, అలాగే కన్నుమూసింది. కొండచిలువకు రెప్పలుండవు కాబట్టి ఆ సంగతి మర్నాటిదాకా ఎవరికీ తెలియలేదు.

ఇరాసీ దాన్ని పెరట్లో పాతిపెట్టి కాస్త ఏడ్చింది. లియొకాదియా వరండాలో పేము కుర్చీలోంచి కదలకుండా, "ఏడుపు చాలించి పాములు పట్టే తెర్తులియానుకు కబురు పెట్టు. గింజల పడవలు వచ్చే వేళ" అంది.

లియొకాదియాకు అరవై ఎనిమిదేళ్ళు. మొగుడు పోయి ఇరవై అయిదేళ్ళు. గోదాము, దాన్ని ఆనుకుని ఇల్లు, ఇంటి మీద అటక, అన్నీ ఆమెవే. ఇరాసీ కూడా ఆమెదే అనుకోవచ్చు. ఇరాసీకి ఏడేళ్ళప్పుడు, ఎగువన ఏటి పాయలో చేపలు పట్టుకునే నాన్న పడవలో తెచ్చి ఈ ఇంట్లో దింపాడు. "చదివిస్తాను, బట్టలు కుట్టిస్తాను, సొంత కూతురిలా చూసుకుంటాను" అని లియొకాదియా మాటిచ్చింది. పాదిరి ముందు చెయ్యి పట్టుకుని బాప్తిస్మం కూడా ఇప్పించింది. అందుకే ఇరాసీ ఆమెను మద్రీన్యా అంటుంది, అంటే దేవుడి ఎదుట తల్లి అన్నమాట. ఆ ఊళ్ళో ఇలాంటి పిల్ల లేని పెద్దిల్లు ఉండదు. ఊరంతా ఇరాసీని "ఇంటి కూతురు లాంటిది" అంటారు. ఆ "లాంటిది" ఎంత బరువుంటుందో మోసేవాళ్ళకే తెలుస్తుంది. ఇప్పుడామెకు ముప్పై ఏళ్ళు. ఈ ఇరవై మూడేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కపూట కూడా కూర్చుని అన్నం తినలేదు. పొయ్యి పక్కన నిలబడి, పిలిస్తే పలకడానికి వీలుగా, చిన్న చిన్న ముద్దలు తింటుంది.

అలాగని లియొకాదియా రాక్షసి కాదు. అయ్యుంటే బాగుండేది. రాక్షసి ఇంట్లోంచి పారిపోవడం తేలిక. ఇరాసీకి మలేరియా వచ్చి ఒళ్ళు కాలిపోయినప్పుడు మూడు పగళ్ళు పక్కన కూర్చుని చేదుమందు పట్టిన మనిషి ఆమె. నాలుగో రోజున, "లేచావుగా, పొయ్యి వెలిగించు" అన్న మనిషి కూడా ఆమే.

ఇక అసలు విషయానికొస్తాను. కర్నలు కోసం ఇరాసీ పడుతున్న బాధ సగమే. మనసులో మిగతా సగం నిన్నటి నుంచి రేవులోనే ఉండిపోయింది. నిన్న శుక్రవారం. రెండు వారాలకోసారి బెలేం వెళ్ళే సాంత ఎఫిజేనియా పడవ వచ్చి ఆగింది. దాని వంటావిడ బెన్విందా, గుమ్మడికాయలాంటి మనిషి, మోకాళ్ళు పట్టుకుని రేవు మెట్లెక్కి వంటింటి వాకిట్లోకి వచ్చింది. ఇరాసీ వండిన బాతు పులుసు గిన్నెడు తిని, వేళ్ళు నాక్కుంటూ అసలు మాట బయటపెట్టింది.

"ఈ మోకాళ్ళతో ఇంక పడవలో నిలబడలేనే తల్లీ. ఇంకొక్క తడవ తిరిగి మానేస్తా. నా పొయ్యి నీకిస్తా, వస్తావా? జీతం ఉంది. పడుకునే ఊయల కట్టుకోడానికి నీదంటూ రెండు కొక్కేలున్నాయి. రెండు పూటలా కూర్చుని తినొచ్చు."

"మద్రీన్య ఒప్పుకోదు."

"ఆవిణ్ణి ఎవరడిగారే? నిన్నడిగా. వచ్చే తడవ మూట కట్టుకుని ఉండు. నువ్వు రాకపోతే మా సరంగు బెలేంలో ఎవర్నో ఎక్కించేసుకుంటాడు. ఆ తర్వాత నువ్వు ఏడ్చినా నేనేం చెయ్యలేను."

"చూస్తా" అంది ఇరాసీ. జీతం సంగతి ఆమె చెవికి ఎక్కలేదు. కూర్చుని తినడం దగ్గరే ఆగిపోయింది.

వెళ్ళాలని ఉంది. ఈ మాట ఇరాసీ తనతో తాను ఎన్నోసార్లు అనుకున్నదే. రెండుసార్లు బయలుదేరింది కూడా. పదహారో ఏట అమ్మ పోయిందని ఎగువ నుంచి కబురొస్తే, రేవుదాకా పరుగెత్తింది. పడవలోకి వేసిన పలక మీద కాలు పెట్టబోయేసరికి మోకాళ్ళు వణికి కూలబడిపోయింది. ఎవరో ఇంటికి మోసుకొచ్చారు. ఇరవై నాలుగో ఏట ఒక ఇంజను మేస్త్రీ, నవ్వు మంచివాడు, రమ్మన్నాడు. అప్పుడూ అదే పలక, అదే వణుకు. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చా" అని చెప్పి వెనక్కి తిరిగింది. ఆ ఇంట్లో ఆవూ లేదు, పాలూ లేవు. అతనికి ఆ సంగతి తెలుసు.

ఆ వణుకు ఎందుకో ఇరాసీకి మాత్రం బాగా తెలుసు. గుమ్మం కింద తన దారం ఉంది.

పెద్ద కొండచిలువను కొత్తగా ఇంటికి తెస్తే అది నిలవదు. పుట్టిన చోటు గుర్తొచ్చి జారుకుంటుంది. అందుకని ముక్కు కొస నుంచి తోక కొసదాకా నూలు దారంతో కొలిచి, రెండు చివరలా ముడేసి, మైనం పట్టించి, గుమ్మం కింది ఇటుక లేపి పాతిపెడతారు. కొలత ఇంటికింద ఉన్నంతకాలం కొలిచిన ప్రాణి ఇల్లు దాటదని ఆ ఊరి నమ్మకం. ఇరాసీ వచ్చిన రోజున లియొకాదియా ఆమెను తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టింది. నడినెత్తి నుంచి మడమదాకా దారం పట్టి కొలిచి, రెండు చివరలా ముడేసింది. ఆ వారంలోనే ఒక పొద్దున ఆమె గుమ్మం ఇటుక లేపి దారమొకటి కింద పెడుతుంటే ఇరాసీ వంటింటి తలుపు చాటు నుంచి చూసింది. అప్పటి వంటమనిషి నవ్వి, "అయిపోయింది పిల్లా! దారం కిందికెళ్ళింది. ఇంక నువ్వెక్కడికి పోతావ్?" అంది. ఆవిడ చచ్చిపోయి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం బతికే ఉంది.

మరి ఇటుక లేపి ఆ దారం తీసి పారేయొచ్చు కదా అంటారేమో. గుమ్మం ఎదురుగానే ఆ పేము కుర్చీ ఉంది. లియొకాదియా పగలంతా అందులోనే కూర్చుంటుంది, రాత్రిళ్ళు ఆ గుమ్మానికి అడ్డంగానే ఊయల కట్టుకుంటుంది. పైగా ఇంటి పెద్ద మాట లేకుండా గుమ్మం ఇటుక కదిపితే కదిపినవాళ్ళ కాళ్ళు చచ్చుబడతాయని కూడా ఆ ఊరి నమ్మకమే. కుడితిలో పడ్డ ఎలుకలా ఉండేది ఇరాసీ బతుకు. ఈదుతూనే ఉంటుంది, గట్టు దొరకదు.

శనివారం పొద్దున తెర్తులియాను వచ్చాడు. చేతిలో ఒక బుట్ట, భుజాన కదులుతున్న గోనెసంచి. ఎముకలగూడు లాంటి ముసలివాడు, ఎడమచేతికి నాలుగే వేళ్ళు. అయిదోది ఏమైందని అడిగినవాళ్ళకల్లా ఒక్కో కథ చెబుతాడు.

"అమ్మగారూ, కర్నలుగారు పోయారని విని నాకు ముద్ద దిగలేదంటే నమ్మండి" అన్నాడు గోనె దింపుతూ.

"నీకు ముద్ద దిగకపోవడమేమిటి, బేరం దొరికిందని రెండు ముద్దలు ఎక్కువే తినుంటావు. ఏం తెచ్చావు?"

"రెండు రకాలూ తెచ్చా. పిల్ల ఉంది, పెద్దది ఉంది. మీ ఇష్టం."

ముందు బుట్ట మూత తీశాడు. అడుగున బూడిదరంగు మచ్చలతో మూరెడు పిల్ల. ఇరాసీ వేలు చాపితే నాలుక ఆడించి, నెమ్మదిగా మణికట్టుకు చుట్టుకుంది. తర్వాత గోనె మూతి విప్పాడు. పెద్దది బుస్సుమని తల లేపింది. నడుమున ఇరాసీ చేయంత లావుంది. కళ్ళు ఎవరినీ చూడటంలేదు. వరండా అంచును, అవతల చెట్లను, ఇంకా అవతల నీళ్ళను చూస్తున్నాయి.

"పిల్లని పెంచితే మూడేళ్ళకు గాని ఎలుకని మింగదు. అప్పటిదాకా దానికి మీరే వేటాడి పెట్టాలి. కాకపోతే జన్మకి వదలదు. పెద్దదంటారా, ఈ వారమే పని మొదలెడుతుంది. కాకపోతే మనసు అడవిలో ఉంటుంది. నెలరోజులు తలుపేసి ఉంచాలి, దారం పెట్టాలి."

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అంది లియొకాదియా.

"అదే కదా నేననేదీ! పిల్లని తీసుకోండి."

"మూడేళ్ళు! మూడేళ్ళకి నేనుంటానో లేదో. అప్పటికి ఎలుకలు నన్నే తినేస్తాయి." ఆమె విసనకర్రతో గోనెవైపు చూపింది. "పెద్దదే ఇవ్వు."

"మరి దారం?"

"పెడతాం. ఇరాసీ పెడుతుంది. నా నడుం వంగదు." ఇరాసీ వైపు తిరిగింది. "ఏం పిల్లా, ఇటుక లేపి దారం పెట్టడం చేతవునా?"

ఇరాసీ గుమ్మం ఇటుక వైపు చూసింది. ఇరవై మూడేళ్ళు ఎదురుచూసిన మాట ఇది. అడక్కుండానే నోటికొచ్చి పడింది. ఇంటి పెద్దే లేపమంది. ఇంక కాళ్ళు చచ్చుబడవు. పాము దారం లోపల పెడుతూ తన దారం తీసి జేబులో వేసుకుంటుంది. పదమూడు రోజులాగి శుక్రవారం పడవెక్కుతుంది. అంతే!

"చేతవును మద్రీన్యా" అంది. గొంతు మామూలుగా వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

తెర్తులియాను, ఇరాసీ కలిసి పామును సాగదీసి కొలిచారు. అది పొర్లి పొర్లి ఒప్పుకోలేదు. రెండుసార్లు మొదలుపెట్టి మూడోసారికి, "చాల్లే, ఒక బెత్తెడు అటూ ఇటూ" అన్నాడు ముసలివాడు. ముడులు వేశారు. మైనం పట్టించారు. ముసలివాడు పామును అటక మీదికెక్కించి, తలుపు గడియ వేసి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు.

లియొకాదియా కుర్చీలో చూస్తూనే ఉంది. ఇరాసీ కత్తితో ఇటుక అంచున మట్టి గీకింది. ఇటుక ఊడి వచ్చింది. కింద నల్లటి మట్టి, రెండు వానపాములు, మైనం పట్టి చుట్టలా ఉన్న ఒక దారం.

ఆత్రంగా అందుకుంది. మట్టి దులిపి విప్పింది. విప్పుతూనే ఉంది. ఒక కొస కాలికింద తొక్కిపెట్టి రెండోది పైకెత్తితే నెత్తి దాటిపోయి, చెయ్యి చాచినా ఇంకా మిగిలింది. ఇది పిల్లది కాదు. ఏడేళ్ళ పిల్ల ఎక్కడైనా బారెడు దాటి ఉంటుందా? ఇది తను వచ్చిన వారంలోనే ఆ ఇంటికి వచ్చిన పాత కొండచిలువది. ఆ పాము ఆరేళ్ళుండి, పెద్దవరద వచ్చిన ఏడు నీళ్ళతో పాటే వెళ్ళిపోయింది. అప్పుడందరూ వరదను తిట్టారు గాని దారాన్ని అనుమానించలేదు.

ఇరాసీ ఆ దారం పక్కన పెట్టి వేళ్ళతో తవ్వింది. గోళ్ళలోకి మట్టి పోయింది. పక్క ఇటుక కూడా లేపింది. మట్టి, ఒక గాజుపెంకు, మళ్ళీ మట్టి.

"బావి తవ్వుతున్నావా ఏమిటే?" అంది లియొకాదియా.

ఇరాసీ మోకాళ్ళ మీదే ఉండి అడిగేసింది. "నాదేది?"

"నీదేమిటి?"

"నా దారం. నేనొచ్చిన రోజున కొలిచారుగా. ముడేశారుగా. ఇక్కడ పెట్టారుగా."

లియొకాదియా కాసేపు అర్థంకాక చూసింది. అర్థమయ్యాక నవ్వింది, కుర్చీ కిర్రుమనేలా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఓసి పిచ్చిమొహమా! అది గౌనుకి కొలతే! మీ నాన్నకు మాటిచ్చానని నీలం గుడ్డ కూడా కొన్నా. కుట్టించడం పడలేదనుకో, ఆ గుడ్డ తర్వాత కిటికీ తెరలకి వాడాం. దారం దేనికో కట్టేసి ఉంటా, మూటకో ముల్లెకో." విసనకర్రతో గాలి విసురుకుంది. నవ్వు తగ్గాక గొంతులో ముద్దు కూడా వచ్చింది. "నీకు దారమెందుకే తల్లీ? ఏడేళ్ళదానివి. పిల్లగా వచ్చినదాన్ని కట్టెయ్యాలా ఏమిటి? తలుపులు తీసి పెట్టినా ఎక్కడికి పోతావు?"

ఇరాసీ కొత్తపాము దారం లోపల పెట్టింది. ఇటుక పెట్టింది. మట్టి తొక్కింది. చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి వెళ్ళి చేపలు తోమడం మొదలుపెట్టింది.

కోపం లియొకాదియా మీద వచ్చి ఉంటే తేలిగ్గా ఉండేది. వచ్చింది తన మీద. దారం ఉంటే లాగి తెంపొచ్చు. నిప్పులో పడెయ్యొచ్చు. లేనిదాన్ని దేంతో కొయ్యాలి? అమ్మను పూడ్చిపెట్టే రోజున రేవులో కూలబడింది ఎవరు కట్టేస్తే? ఆ మేస్త్రీతో పాలని అబద్ధం చెప్పింది ఎవరు చెప్పిస్తే? ఎవరూ లేరు. ఇరవై మూడేళ్ళూ తలుపు తీసే ఉంది. ఇంత సిగ్గు ఆమె ఎప్పుడూ పడలేదు. చేపపొలుసు ముంజేతులదాకా అంటుకుంది. కడుక్కోవాలని కూడా అనిపించలేదు.

ఆ రోజునుంచి బెన్విందా మాట తలుచుకోవడం మానేసింది. తలుచుకుంటే ఏం లాభం? కట్టేసిన ఆవుకు ఆశ ఉంటుంది. కట్టెయ్యకుండానే రాటచుట్టూ తిరిగేదానికి ఏముంటుంది?

అటక మీద మాత్రం ఇంకొకటి తిరుగుతూనే ఉంది. పగలంతా చెక్కల మీద గరుకుగా జరజరమంటూ ఈ మూల నుంచి ఆ మూలకు. ముక్కుతో పెంకుల సందులు వెతుకుతోంది. ఇరాసీ నిచ్చెన ఎక్కి కోడిపిల్లను వేస్తే తినలేదు. కోడిపిల్ల మూడు రోజులు దాని పక్కనే తిరిగి, చివరికి దాని వీపు మీదెక్కి కూర్చుంది. ఎలుకలు కూడా ధైర్యం తెచ్చుకున్నాయి.

"తింటుందా?" అని కింద నుంచి లియొకాదియా రోజూ అడిగేది.

"తినటంలేదు."

"అలవాటు పడుతుంది లే. నువ్వు కూడా మొదటి నాలుగు రోజులు తినలేదు."

ఇరాసీ నిచ్చెన మీదే ఆగిపోయింది. తినలేదన్న సంగతి ఆమెకు గుర్తులేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. నాలుగు రోజులు తినలేదు. తలుపు చట్రం దగ్గర కూర్చుని, సాయంత్రం వేళ అమ్మ అరచేతులు దోసిలిపట్టి ఊదే ఈల కోసం చెవి వొగ్గి ఉండేది. చేపలకు వెళ్ళిన నాన్నను ఇంటికి పిలిచే ఈల అది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఇరాసీ నిచ్చెన మీదే అరచేతులు కలిపి ఊదింది. గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ ఊదింది. మూడోసారి వచ్చింది, బొంగురుగా, కానీ అదే.

"ఏమిటా కూత?" అంది కింద నుంచి లియొకాదియా.

"ఏంలేదు మద్రీన్యా. కోడిపిల్లని పిలుస్తున్నా."

రెండోవారం గురువారం తెల్లారేసరికి అటక నిశ్శబ్దంగా ఉంది. వానకు జారిన ఒక పెంకు పక్కకు తప్పుకుని ఉంది. పెరట్లో తడిమట్టి మీద లావాటి గీత ఒకటి, ఎక్కడా తడబడకుండా, వంటిల్లు దాటి, చెత్తకుప్ప దాటి, ఏటి పాయవైపు పోయింది. కోడిపిల్ల అటక మీద ఒక్కటే అరుస్తోంది. గుమ్మం ఇటుక మాత్రం చెక్కుచెదరలేదు. బారన్నర దారం మైనంతో సహా దాని కింద భద్రంగా ఉంది.

లియొకాదియా రోజంతా తిట్టింది. పెంకును తిట్టింది, వానను తిట్టింది. రేవుకు మనిషిని పంపి తెర్తులియానును కూడా తిట్టించింది. అతను "కొలత బెత్తెడు తగ్గింది, ఆ పిల్ల సరిగ్గా పట్టుకోలేదు" అని తిరుగు కబురు పంపాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె డబ్బు ఇరాసీ చేతిలో పెట్టింది. "ఈసారి పిల్లనే తీసుకురా. మూడేళ్ళయితే మూడేళ్ళు. నాకు పోయేవి వద్దు. పిల్లగా వస్తే ఉంటుంది. కర్నలు ఉండలా? నువ్వు ఉండలా?"

"సరే" అంది ఇరాసీ.

రేవులో సాంత ఎఫిజేనియా పొగ వదులుతూ ఉంది. దాని పక్కనే తెర్తులియాను దోనె. బుట్ట మూత ముందే తీసి పెట్టుకున్నాడు.

"పిల్లనేగా? అమ్మగారు కబురంపారు. ఇదిగో, పోయిన తడవ నీకు చుట్టుకున్నదే."

ఇరాసీ వంగి చెయ్యి చాపింది. పిల్లపాము మళ్ళీ మణికట్టుకు చుట్టుకుంది. తొందరేమీ లేదు దానికి. ఏ కొమ్మయినా ఒకటే, ఏ చెయ్యయినా ఒకటే అన్నట్టుంది.

"చూశావా, అప్పుడే నిన్ను ఇల్లనుకుంటోంది! ఇంక దీనికి దారమూ వద్దు, గడియా వద్దు. పిల్లపాముకి ఇల్లే దారం."

ఇరాసీ దాని చుట్లు ఒక్కొక్కటే విప్పి, బుట్టలో పెట్టి, మూత వేసింది.

"పెద్దది ఉందా?"

"మొన్న ఒకటి దొరికింది. కానీ మీ అమ్మగారు..."

"పెద్దదే ఇవ్వు. నువ్వే పట్టుకెళ్ళి ఇవ్వు." డబ్బు అతని నాలుగువేళ్ళ చేతిలో పెట్టింది.

"మళ్ళీ పోతుందే పిల్లా!"

"పోతే పోనీ."

"నువ్వు రావా?"

ఇరాసీ పడవవైపు చూసింది. ఇంట్లోంచి బయలుదేరే ముందు ఏం చేసిందో అప్పుడు గుర్తొచ్చింది. కుండ దింపింది. కట్టెలు వెనక్కి లాగి నీళ్ళు చల్లింది. ఎందుకు చల్లిందో అప్పుడు అనుకోలేదు, చెయ్యి తనంతట తానే చల్లింది.

"పొయ్యి ఆర్పే వచ్చానని ఆవిడకు చెప్పు. అన్నం కుండలో ఉంది. ఎండు రొయ్యలు చూరుకు కట్టి ఉన్నాయి. రాత్రి నడుంనొప్పి మందు తప్పకుండా వేసుకోమను."

తెర్తులియాను తల ఊపాడు.

పడవ అంచున బెన్విందా మోకాలు రుద్దుకుంటూ నిలబడి ఉంది. "వస్తున్నావా? మూటేదే?"

"మూట కట్టడానికి ఏముంది?"

పలక దగ్గరికి వచ్చింది. అదే పలక. కుడికాలు పెట్టగానే మొదలైంది. మోకాలి చిప్పల దగ్గర పుట్టి, తొడల్లోకి పాకి, కడుపులోకి ఎక్కే ఆ పాత వణుకు. పదహారో ఏట వచ్చిందే, ఇరవై నాలుగో ఏట వచ్చిందే. ఏమీ తగ్గలేదు. ఇరాసీకి ఏడుపొచ్చింది. దారం లేదని తెలిశాక కూడా ఇదెందుకు పోదు?

వెనకాల ఊళ్ళో ఎక్కడో లియొకాదియా కుర్చీ కిర్రుమనే వేళ. ఇంకాసేపట్లో "పిల్లా!" అని పిలుస్తుంది. ఎవరూ పలకరు. ఆ పిలుపు తలుచుకుంటే వణుకు ఇంకా పెరిగింది. ఇరాసీ కిందికి చూసింది. పలక కింద గోధుమరంగు నీళ్ళు. పైన తన కాళ్ళు, చలిజ్వరంలో లాగా కొట్టుకుంటున్నాయి. వాటికి ఏదీ కట్టి లేదు. ఈ వణుకు గుమ్మం కిందిది కాదు, మద్రీన్యది కాదు. ఇన్నేళ్ళూ ఇది తనదే. తనదైతే ఇక్కడ వదిలిపెట్టి పోవలసిన పనేముంది, కూడా తీసుకుపోవచ్చు.

వణుకుతూనే రెండో కాలు పెట్టింది. పలక ఊగింది. మూడో అడుగుకు బెన్విందా చెయ్యి అందింది.

"ఇదేమిటే, కాళ్ళు ఇట్లా కొట్టుకుంటున్నాయి? నీళ్ళంటే భయమా?"

"అవంతే" అంది ఇరాసీ. మొహం తుడుచుకుని చుట్టూ చూసింది. "ఉప్పెక్కడ పెడతావు?"